మ్యూనిక్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్: విజయవాడ నుంచి వెళ్తున్నాను, సర్దుకోగలనా?

సెప్టెంబరులో మొదలు, జర్మన్ రాదు, ఇల్లు వదిలి ఎప్పుడూ ఉండలేదు, తిండి ఎలా, ఒంటరిగా ఉండగలనా అని అడిగారు. మాది గుంటూరు, బ్రాడీపేట. నేనూ మ్యూనిక్‌లోనే ఇంటర్న్‌గా చేశాను. మీరు అడిగినవన్నీ రెండో వరస టెన్షన్లు. మొదటిది ఇల్లు.

ఏదో ఒక గది దొరికితే చాలనుకోకండి. అక్కడ ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు నగరపాలక ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. అన్‌మెల్డుంగ్ అంటారు. మీరు ఫలానా తేదీన చేరారని ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం దానికి తప్పనిసరి. నమోదయ్యాకే పన్ను నంబరు పోస్టులో వస్తుంది, జీతం లెక్కకు కంపెనీ అది అడుగుతుంది. చాలా బ్యాంకులు కూడా ఆ నమోదు పత్రమే చూపమంటాయి. కాబట్టి అద్దె ఎంత తక్కువైనా సరే, "నమోదు మాత్రం కుదరదు" అనేవాళ్ల గది వద్దు. "నేను వేరే దేశంలో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళం కొరియర్ చేస్తాను" అన్నారా, అది పచ్చి మోసం. పైగా సెప్టెంబరు రెండో సగంలో అక్టోబర్‌ఫెస్ట్ అనే పెద్ద బీరు పండుగ మొదలవుతుంది, హోటల్ రేట్లు మండిపోతాయి. వెళ్లాక చూసుకుందాం అంటే కుదిరే నెల కాదది. ఇప్పుడే వెతకండి, మీ కంపెనీ హెచ్ఆర్‌ని మొహమాటపడకుండా అడగండి.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. పోస్టు డబ్బా మీద మీ ఇంటిపేరు ఉండాలి. మన దగ్గర "నాలుగో లైను, గుడి ఎదురు సందు" అంటే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి మరీ వస్తాడు. అక్కడ అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ నంబర్లు కూడా తక్కువే, పేరు చూసే ఉత్తరం వేస్తారు. పేరు లేకపోతే వెనక్కి పోతుంది, మీ పన్ను నంబరుతో సహా. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగే అంటించండి.

ఆఫీసు గురించి పెద్ద భయం అక్కర్లేదు. యాభై ఏళ్ల మేనేజర్‌ని పేరు పెట్టి పిలవమంటారు, మనకి నోరు రాదు, రెండు వారాల్లో వచ్చేస్తుంది. అర్థం కాకపోయినా "అలాగే సార్" అని తలూపే అలవాటు మాత్రం ఇక్కడే వదిలేసి వెళ్లండి. అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు, అడక్కుండా తప్పు చేస్తేనే విసుక్కుంటారు.

బెంగ అంటారా, నిజంగానే ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. అక్టోబరు ఆఖరి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు, అప్పటి నుంచి మనకీ వాళ్లకీ తేడా నాలుగున్నర గంటలు. మీరు ఏడింటికి గదికి చేరేసరికి ఇంట్లో పదకొండున్నర, అందరూ నిద్రలో ఉంటారు. అందుకే పొద్దున ఆఫీసుకి బయల్దేరే ముందు ఫోన్ చేయడం అలవాటు చేసుకోండి. ఆదివారం షాపులు మూసేస్తారు, శనివారమే సరుకులు తెచ్చుకోవాలి. ఇక ఆ రోజంతా గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. తెలుగువాళ్ల గ్రూపులో చేరండి, కానీ వారం వారం వాళ్లతోనే బిర్యానీ తింటూ ఉంటే ఆరు నెలలు మ్యూనిక్‌లో కాదు, బెంజ్ సర్కిల్ దగ్గర ఉన్నట్టే.

వంట మీరే చేసుకోవాల్సి వస్తుంది. బియ్యం, పప్పు ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. ఒకే గదిలో వంటిల్లు ఉంటే ఎండుమిర్చి తాలింపు వేసేముందు కిటికీ తీయండి, లేదంటే పైన పొగ అలారం మోగి పక్కింటివాళ్లు తలుపు కొడతారు. కారం, పచ్చళ్లు సూట్‌కేసులో పెట్టుకోండి. నెయ్యి సీసా, పాలకోవా మాత్రం వద్దని అమ్మగారికి ఇప్పటి నుంచే చెప్పండి, మన దేశం నుంచి పాల పదార్థాలు లగేజీలో తీసుకెళ్లడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు. అక్కడ ఉప్పు లేని వెన్న ఏ సూపర్‌మార్కెట్‌లోనైనా ఉంటుంది, కాచుకుంటే సరిపోతుంది.