బిడియపడే అమ్మాయికి బుర్రకథలో ఏ పాత్ర?

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల ఎనిమిదో తరగతి పిల్లలతో అల్లూరి సీతారామరాజు మీద పది నిమిషాల బుర్రకథ చేయిద్దామనుకుంటున్నాం. నెల రోజుల టైముంది. నలుగురిలో నోరు విప్పని ఒక అమ్మాయినే కథకురాలిగా పెడితే ధైర్యం వస్తుందంటున్నారు తోటి టీచర్లు. నిజమేనా?
– తెలుగు ఉపాధ్యాయిని, నరసరావుపేట

జవాబు: వద్దు. భుజాన తంబురా, చేతి బొటనవేలికి అందె (తాళం వేసే లోహపు ఉంగరం), కాళ్లకు గజ్జెలు, పాట, వచనం, అడుగు – అన్నీ కథకురాలి మీదే. ఒకటి తప్పితే మిగతావీ తడబడతాయి. అక్కడ నిలబెడితే బిడియం పోకపోగా బెదురు ముదురుతుంది.

ఆమెకు వంత ఇవ్వండి, అంటే కథకురాలి పక్కన నిలబడి పల్లవి అందుకునే పాత్ర. ‘తందాన తాన’ ఇద్దరు వంతలూ కలిసి అందుకుంటారు కనుక గొంతు ఒంటరిగా బయటపడదు. కానీ కథకురాలు ఎక్కడ ఆపుతుందో చెవొగ్గి వినకపోతే అందుకోలేదు. అలా వింటున్నంతసేపూ జనం తననే చూస్తున్నారన్న సంగతి మరిచిపోతుంది. వంతల్లో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం, అంటే కథలోని అన్యాయాన్ని ప్రశ్నించడం. ఈమెకు రాజకీయమే నయం. హాస్యానికి జనం నవ్వకపోతే పిల్ల కుంగిపోతుంది. రాజకీయానికి ప్రశ్న చాలు: ‘తాతలనాటి పోడు నేరమెట్లా అయిందమ్మా?’ ఇలాంటివి నాలుగు ఆమె చేతే రాయించండి. బట్టీపట్టిన మాటకంటే సొంత మాట నోట నిలుస్తుంది.

మొదటి వారం వాద్యాలు ముట్టుకోనివ్వకండి. కథ మూడు ఘట్టాలు చాలు: 1882 అటవీ చట్టంతో పోడుకు (అడవి నరికి చేసే సాగుకు) వచ్చిన ఇక్కట్లు, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరస దాడులు, 1924 మే 7న రాజు మరణం. కాగితం చూడకుండా ఎవరి మాటల్లో వాళ్లు చెప్పగలిగాకే పాట ఎత్తుకోవాలి. రెండో వారం తాళం చప్పట్లతోనే. వంతలు వాయించే డోళ్లు, గుమ్మెటలు, మూడో వారం. ముందే ఇస్తే పిల్లలు బాదుడులో పడి మాట మింగేస్తారు. వచనం నడుస్తున్నప్పుడు గుమ్మెట ఆగాలి, వంతపాటకే మోగాలి. ఆఖరి వారం గజ్జెలు, మైకు. మైకు ఒక్కటే అయితే ప్రశ్న అడిగేటప్పుడు వంత అర అడుగు ముందుకు రావడం కూడా సాధన చేయించండి. చాలా బడుల్లో మరిచిపోయేది ఇదే.

ప్రశ్న: ప్రదర్శనకు మార్కులు వేయవచ్చా?
– ఆమే

జవాబు: గొంతుకూ అభినయానికీ వేయకండి. మర్నాడు ముగ్గురినీ కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ మరిచిపోయారు, పక్కవాళ్లు ఎలా అందుకున్నారు అని అడగండి. అంతగా మార్కులు తప్పకపోతే ఆ అందుకున్నదానికి వేయండి.