ముందు మేజోళ్ల ముడతలు తీయండి

ఫైనల్లో ఓడాక మీ కోచ్ "స్కోరు మర్చిపోండి, తర్వాతి బంతి చూడండి" అన్నారనీ, రెండుసార్లు పరీక్ష తప్పిన మీకు ఆ మాట ఎలా పనికొస్తుందనీ అడిగారు కదా. తప్పకుండా పనికొస్తుంది.

అమెరికా బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ వుడెన్ సీజన్ మొదట్లో ఆటగాళ్లకు నేర్పింది మేజోళ్లు వేసుకోవడం! వేళ్ల దగ్గర, మడమ దగ్గర చేత్తో తడిమి ముడతలు తీయించేవారు. ముడత ఉంటే పాదం బొబ్బలెక్కుతుంది, ఇక పరుగెక్కడిది? యూసీఎల్‌ఏ అనే కాలిఫోర్నియా యూనివర్సిటీ జట్టుకి 1948లో వచ్చిన ఆయనకు మొదటి జాతీయ టైటిల్ 1964లో దక్కింది. 1975కల్లా అవి 10 అయ్యాయి. అందరూ ఆ పదీ చెప్పుకుంటారు, నాకు మాత్రం అంతకు ముందు ఎదురుచూసిన ఏళ్లే గొప్పగా అనిపిస్తాయి.

మీరు మార్కులు పక్కన పెట్టి, పోయిన ప్రశ్నలు ఒక్కొక్కటీ తీయండి. తెలియక పోయిందా, టైమ్ చాలక వదిలేశారా? పక్కనే రాయండి. టైమ్ సమస్యయితే పుస్తకమంతా మళ్లీ చదివి లాభం లేదు, గడియారం ముందు పెట్టుకుని పాత పేపర్లు రాయాలి. టెన్షన్ కూడా అలా రాస్తుంటేనే తగ్గుతుంది. ఈ రాత్రికి ఒక్క పేపర్ చాలు. ఎక్కడ ఆగిపోయారో రేపు చెప్పండి, కలిసి చూద్దాం.