కతేన, చైను, సంకెల

సందేహం: రైలు మార్గం మీది విద్యుత్ తీగల అమరికను ‘కేటనరీ’ అంటారు. కంప్యూటర్ పాఠాల్లో రెండు మాటలను కలిపి ఒకటి చేయడం ‘కాన్‌కాటినేషన్’. రెంటికీ మూలం ‘చైను’ అని చదివాను. నిజమేనా? వీటిని తెలుగులో ఏమనాలి?

సమాధానం: చైను వాటికి మూలం కాదు, తోబుట్టువు. ముగ్గురికీ తల్లి లాటిన్‌లోని ‘కతేన’. గొలుసు, సంకెల అనే రెండర్థాలూ దానికున్నాయి. పాత ఫ్రెంచి జనం నోట పడి మొదటి కకారం చకారమైంది, నడిమి తకారం రాలిపోయింది. ఆ రూపమే ఇంగ్లీషులో చైను. తర్వాత ఫ్రెంచివారు చకారాన్నీ షకారం చేసుకున్నారు గాని, ఇంగ్లీషు పాత ఉచ్చారణనే నిలుపుకుంది. శాస్త్రజ్ఞులు మాత్రం జనం నోటితో పని లేకుండా నేరుగా లాటిన్ తలుపు తట్టారు. రెండు కొసలు పట్టి వేలాడదీసిన గొలుసు ఏ వంపు తిరుగుతుందో, దానికి డచ్ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ 1690లో జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్‌కు రాసిన లేఖలో ‘కతేనారియా’ అన్నాడు. రైలు తీగను మోసే పై తీగ వేలాడేది దాదాపు ఆ వంపులోనే. అక్కడ గొలుసు లేదు, పేరు మాత్రం ఉంది.

ఒకే మాట రెండు దారుల్లో రావడం మనకు కొత్త కాదు. సంస్కృత ‘శృంఖల’ ప్రాకృతం గుండా నలిగి వచ్చి ‘సంకెల’ అయింది. నేరుగా తెచ్చుకున్నది శృంఖలగానే ఉంది. తద్భవం ఖైదీ చేతికి దక్కింది, తత్సమం పుస్తకాలకెక్కి ‘శృంఖల చర్య’ అయింది. ‘విశృంఖలం’ సంగతి మరీ చిత్రం. సంకెళ్లు లేనిదని అర్థమే అయినా, మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. ఇక చైను మూడో చుట్టం: మెడలోనూ ఉంటుంది, సైకిలుకూ ఉంటుంది.

తెలుగులో ఏమనాలంటే, నా ఓటు గొలుసుకే. ‘ఆహారపు గొలుసు’ను పిల్లలు తడుముకోకుండా చదువుకుంటున్నారు కదా! కేటనరీ వంపును ‘గొలుసు వంపు’ అంటే చాలు. కాన్‌కాటినేషన్‌కు సంస్కృత సమాసం అల్లబోయే ముందు మన ‘గొలుసుకట్టు’ను తలచుకోండి. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం తగిలించి రాసే రాతకు ఆ పేరు ఎప్పటినుంచో ఉంది. లాటిన్ మాటలోని ‘కాన్’ అంటే ‘కలిపి’ అనే, కాబట్టి అర్థమూ సరిపోతుంది.