కంప్యూటర్ ప్రశ్న – జవాబు: ఎండాకాలంలో గ్రాఫిక్స్ కార్డు

ప్రశ్న: స్లాబు కిందే ఉన్న పైఅంతస్తు గదిలో నా కంప్యూటర్ ఉంటుంది. అందులోది ఆర్‌టీఎక్స్ 3060 కార్డు. ఆట ఆడేటప్పుడు జనవరిలో 66 డిగ్రీలు దాటని కార్డు ఇప్పుడు మే నెలలో 80 చూపిస్తోంది, ఫ్యాన్ల మోత కూడా పెరిగింది. జనవరి సాయంత్రాల్లో గదిలో 26 డిగ్రీలు ఉండేది, ఇప్పుడు 42 ఉంటోంది. థర్మల్ పేస్టు ఎండిపోయిందనీ, కార్డు విప్పించి కొత్తది రాయించుకోమనీ దుకాణంలో చెబుతున్నారు. రాయించాలా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: అక్కర్లేదు. మీరు రాసిన నాలుగు అంకెల్లోనే జవాబు ఉంది. జనవరిలో గదికీ కార్డుకీ మధ్య తేడా 40 డిగ్రీలు, మే నెలలో 38. ఫ్యాన్లు వేగం పెంచాయి కాబట్టి తేడా రెండు డిగ్రీలు తగ్గింది కూడా. అంటే చల్లబరిచే ఏర్పాటు తన పని తాను సరిగ్గానే చేస్తోంది, పెరిగింది మీ గది వేడి మాత్రమే. ఫ్యానుకి గానీ హీట్‌సింక్‌కి (చిప్పు మీద బిగించిన లోహపు దిమ్మె, రేకులకు) గానీ చలువ పుట్టించే శక్తి లేదు. చిప్పులో పుట్టిన వేడిని గాలిలోకి చేరవేయడమే వాటి పని కనుక, ఆ గాలి ఎంత వేడిగా ఉంటే అంతకు పైనే కార్డు వేడి నిలుస్తుంది.

ఈ కార్డు నిండు పనిలో ఉన్నప్పుడు సుమారు 170 వాట్ల కరెంటు తీసుకుంటుంది, అందులో దాదాపు మొత్తం వేడిగానే మారుతుంది. చిప్పు విస్తీర్ణం 276 చదరపు మిల్లీమీటర్లు, అంటే ప్రతి వైపూ ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ. ఇంత చిన్న చోట పుట్టిన వేడి మొదట పేస్టు గుండా లోహపు దిమ్మెకూ, అక్కడి నుంచి హీట్ పైపుల గుండా పల్చటి అల్యూమినియం రేకులకూ, చివరకు రేకుల సందుల్లోంచి వీచే గాలికీ చేరుతుంది. చిప్పు పైభాగమూ దిమ్మె అడుగుభాగమూ ఎంత నున్నగా కనిపించినా వాటి మధ్య సన్నని ఖాళీలు మిగులుతాయి. గాలికంటే రాగి వేడిని సుమారు 15,000 రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఆ ఖాళీల్లో గాలి నిలవకుండా చూడడానికే పేస్టు రాస్తారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉంటే అది పక్కలకు జరిగిపోయే మాట నిజమే. అయితే అలా జరిగితే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. గది వేడి మారకుండానే కార్డు వేడి పెరుగుతుంది, చిప్పు సగటు ఉష్ణోగ్రతకూ హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) అంకెకూ మధ్య మామూలుగా పది పదిహేను డిగ్రీలుండే తేడా ముప్పైకి చేరుతుంది. మీరు రాసినదాన్ని బట్టి ఆ సూచనలేవీ లేవు.

ఈ కార్డుకు ఎన్‌విడియా ప్రకటించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 93 డిగ్రీలు. సాధారణంగా అంతకు ముందే, 83 చుట్టుపక్కల, కార్డు తనంతట తానే క్లాక్ వేగం, అంటే చిప్పు పనిచేసే వేగం, తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. కనుక ప్రమాదమేమీ లేదు, మోతే ఇబ్బంది. దానికి పేస్టుకంటే మేలైన మార్గం, పైగా పైసా ఖర్చులేనిది, ఒకటి ఉంది: ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ప్రోగ్రాములో పవర్ లిమిట్‌ను 82 శాతానికి, అంటే సుమారు 140 వాట్లకు దించండి. పుట్టే వేడి తగ్గిన మేరకు గదితో తేడా కూడా తగ్గుతుంది. ఫ్యాన్ల వేగం మారకపోతే 38 కాస్తా 31 అవుతుంది, కార్డు 73 దగ్గర ఆగుతుంది. వోల్టేజీ తగ్గించడం తెలిసినవారికి ఇంకా లాభం, ఎందుకంటే చిప్పు ఖర్చు చేసే శక్తిలో పెద్ద వాటా వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది: పది శాతం వోల్టేజీ తగ్గిస్తే ఆ వాటా పంతొమ్మిది శాతం తగ్గుతుంది. ఆటలో తేడా చాలామంది కంటికి ఆనదు.

ప్రశ్న: హీట్ పైపుల లోపల నీళ్లుంటాయని చదివాను. అవి కారితే మదర్‌బోర్డు పాడవదా? దాని బదులు గట్టి రాగి కడ్డీ పెడితే సరిపోదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: నీళ్లుండే మాట నిజమే గానీ, మీరు భయపడేంత కాదు. గాలి తీసేసి, రెండు కొసలూ మూసేసిన రాగి గొట్టం లోపలి గోడను తడిపేంత నీరే అందులో ఉంటుంది. గాలి లేదు కాబట్టి నూరు డిగ్రీలకు చాలా ముందే, చిప్పు వైపు కొసలో ఆ నీరు ఆవిరవుతుంది. ఆవిరి వేడిని మోసుకుంటూ రేకుల వైపు కొసకు పరుగెత్తి, అక్కడ దాన్ని వదిలి మళ్లీ నీరవుతుంది. గోడకు అతికించిన రాగి పొడి పొర గుండా ఆ నీరు, దీపపు ఒత్తిలో నూనె ఎగబాకినట్టు, తిరిగి వేడి కొసకు చేరుతుంది. మోటారు లేదు, అరిగే భాగమూ లేదు. గట్టి రాగి కడ్డీ ఇంతకంటే ఎన్నో రెట్లు తక్కువ వేడిని మోస్తుంది, బరువు మాత్రం ఎక్కువ. ఇలాంటి గొట్టానికి జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్ 1940లలోనే పేటెంటు పొందినా, 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ మళ్లీ చేసి చూపాకే దానికి ఆదరణ వచ్చింది.

నిజానికి నీరు ఎక్కువవడం కాదు, తక్కువవడమే ఇబ్బంది. 2022 డిసెంబరులో విడుదలైన ఏఎండీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్ కార్డుల్లో కొన్నిటి హాట్‌స్పాట్ 110 డిగ్రీలకు చేరి, వేగం పడిపోయింది. వాటి వేపర్ చాంబర్‌లో, అంటే ఇదే సూత్రం మీద పనిచేసే పల్చటి పెట్టెలో, సరిపడా నీరు లేదని ఆ సంస్థ మరుసటి నెలలోనే ఒప్పుకుంది.

ప్రశ్న: బ్రౌజర్ వాడుతున్నంతసేపూ కార్డు ఫ్యాన్లు తిరగడం లేదు, పాడయ్యాయా? గదిలోని కూలర్‌ను క్యాబినెట్ వైపు తిప్పి, దాని పక్క తలుపు తీసి ఉంచవచ్చా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: పాడవలేదు. ఇప్పటి కార్డులు చాలావరకు 50–60 డిగ్రీలు చేరేదాకా ఫ్యాన్లను ఆపే ఉంచుతాయి. కూలర్ గదిని చల్లబరిస్తే కార్డుకూ మంచిదే, అయితే నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పకండి. తడి మ్యాట్ల నుంచి గాలితో వచ్చే తుంపరల్లో బోరునీటి ఉప్పు ఉంటుంది, ఆరిన తర్వాత అది సర్క్యూట్ మీద మిగిలిపోతుంది. తలుపు తీస్తే కొన్ని డిగ్రీలు తగ్గవచ్చు గానీ, దుమ్ము రేకుల సందుల్లో చేరి కొన్నాళ్లకే ఆ లాభాన్ని మింగేస్తుంది. బ్లోయరుతో దుమ్ము ఊదేటప్పుడు కరెంటు తీసి, ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. విపరీతమైన వేగంతో తిరిగితే దాని బేరింగు దెబ్బతినవచ్చు.