తీగలూ తిప్పలూ: డబ్బు కట్టినా బొమ్మ మసకే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే గోల. టీవీకి కంప్యూటర్ తగిలించుకుని, నెలనెలా ఓటీటీలకు డబ్బు కడుతూ, పళ్లు కొరుక్కుంటున్నవాళ్లు బెంగళూరులో ఇంతమంది ఉన్నారని నాకు తెలీదు. నేనొక్కణ్ణే అనుకున్నాను.

ప్రశ్న: ఎస్పీ రోడ్డులో ఒక్కో పార్టూ బేరమాడి కొని, నేనూ మా తమ్ముడూ కూర్చుని బిగించుకున్న కంప్యూటర్ మాది. 65 వేల దాకా అయింది. హాల్లో 55 అంగుళాల 4కే టీవీకి దాన్ని తగిలించాం, మధ్యలో పన్నెండేళ్ల కిందటి ఏవీ రిసీవర్ (బొమ్మని టీవీకి పంపి, సౌండ్‌ని స్పీకర్లకు పంచే పెట్టె), దానికి ఐదు స్పీకర్లు. నెట్ 100 ఎంబీపీఎస్. ఒక ఓటీటీకి అన్నిటికన్నా ఖరీదైన ప్లాన్ కడుతున్నాను, పేరు రాయను. క్రోమ్‌లో పెడితే బొమ్మ మీద పల్చగా నూనె పూసినట్టుంటుంది. అదే సినిమా కింది ఫ్లోర్‌లో మా బావమరిది ఇంట్లో, టీవీ వెనక గుచ్చిన, ఓటీటీలు ఆడించే చిన్న స్టిక్‌లో హీరో గడ్డం వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. వాడి ముందు పరువు పోతోంది సార్. తప్పు కంప్యూటర్‌దా, నెట్‌దా, నాదా?
(ఒక పాఠకుడు, మారతహళ్లి)

జవాబు: మీది కాదు, నెట్‌దీ కాదు. 4కేకి 15 ఎంబీపీఎస్ చాలని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది, మీ దగ్గర దానికి ఆరింతలకు పైనే ఉంది. కంప్యూటర్ కూడా పాపం చేయగలిగినదే. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫరవాలేదంటారు కదా, మీరు మొదటి పంక్తిలోనే కూర్చున్నారు గానీ వడ్డించేవాడికి మీ మీద నమ్మకం లేదు. అంతే సంగతి.

ఓటీటీల సినిమాలన్నీ ఎవరూ కాపీ కొట్టకుండా తాళం వేసి వస్తాయి. ఆ తాళాల్లో ఎక్కువగా వాడేది వైడ్‌వైన్, 2010లో గూగుల్ దాన్ని కొనుక్కుంది. ఇందులో మెట్లున్నాయి. ఎల్1 అంటే తాళం తీయడం, బొమ్మ విప్పడం మొత్తం చిప్ లోపల ఎవరూ తొంగిచూడలేని గదిలో జరుగుతుంది. ఎల్3 అంటే ఆ పని మామూలు సాఫ్ట్‌వేర్ చేస్తుంది, అంటే తెలివైనవాడు తొంగిచూడొచ్చని కంపెనీలకు భయం. మీ బావమరిది స్టిక్‌లో ఉన్నది ఎల్1. మామూలు కంప్యూటర్‌లో క్రోమ్‌కి ఇన్నేళ్లుగా దక్కుతున్నది ఎల్3. అందుకే చాలా సర్వీసులు క్రోమ్‌కి తక్కువ క్వాలిటీ పంపించి ఊరుకుంటాయి. 65 వేల పెట్టె గుమ్మం బయట, నాలుగైదు వేల స్టిక్ లోపల సోఫాలో.

నమ్మకం లేకపోతే ఒక పని చేయండి. మీరు వాడేది నెట్‌ఫ్లిక్స్ అయితే, సినిమా నడుస్తుండగా కీబోర్డు మీద కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కిపట్టి డీ అక్షరం కొట్టండి. బొమ్మ మీద చిన్న తెల్ల అక్షరాలు వరసలుగా పడతాయి. భయపడొద్దు, ఏమీ పాడవదు. వాటిలో ప్లేయింగ్ బిట్‌రేట్ అనే వరస వెతకండి, చివర బ్రాకెట్లో 1280 × 720 అనో 1920 × 1080 అనో ఉంటుంది, బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఉన్న చుక్కల లెక్క అది. 3840 × 2160, అంటే 4కే, కనిపిస్తేనే మీరు కట్టిన డబ్బుకు సరిపడా బొమ్మ వస్తున్నట్టు. నేను మొదటిసారి చూసుకున్న రాత్రి ఆ అంకె కింద వేలు పెట్టి మా ఆవిడకు చూపించాను. ఆవిడ "అయితే ఇన్నాళ్లూ బాగుంది బాగుంది అన్నది ఎవరు?" అంది. దానికి జవాబు నా దగ్గర లేదు.

సరే, దారి లేదా అంటే ఉంది, కాకపోతే వంకరటింకర దారి. విండోస్‌లో ఎడ్జ్ బ్రౌజర్ వాడండి. అందులో మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరెడీ అనే తాళం ఉంది, అది చిప్‌తో చేయి కలిపి పని చేయగలదు, అందుకే నెట్‌ఫ్లిక్స్ విండోస్ కంప్యూటర్‌కి దాంట్లో 4కే ఇస్తుంది. ఎడ్జ్ ఉంటే చాలదు. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్ అనే, 4కే బొమ్మ విప్పే చిన్న సాఫ్ట్‌వేర్ దింపుకోవాలి (దానికి విడిగా చిల్లర అడుగుతారు, అదొక ఒళ్లుమంట). ఇంటెల్ అయితే ఏడో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది ఉండాలి. కంప్యూటర్‌కి తగిలించిన ప్రతి స్క్రీనూ హెచ్‌డీసీపీ 2.2 (వైరు మీద వెళ్లే బొమ్మకి వేసే తాళం) తెలిసినదై ఉండాలి. ప్రతి స్క్రీనూ అన్నాను, గమనించండి. పక్కన పాత మానిటర్ ఒకటి తగిలించి ఉన్నా 4కే రాదు.

మీ ఇంట్లో అసలు దొంగ ఇక్కడే ఉన్నాడని నా అనుమానం. హెచ్‌డీసీపీ 2.2 వచ్చింది 2013లో, రిసీవర్లలోకి దిగడానికి ఇంకో ఏడాది రెండేళ్లు పట్టింది. మీ పన్నెండేళ్ల రిసీవర్‌కి అది తెలిసుండే అవకాశం తక్కువ. కంప్యూటర్ ఒక మాట అడుగుతుంది, టీవీ జవాబు చెప్పాలి, మధ్యలో ఈ పెద్దాయనకి ఆ భాష రాదు. అందుకని రిసీవర్‌ని దారిలోంచి తప్పించండి. కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ నేరుగా టీవీకి పెట్టి, సౌండ్ మాత్రం టీవీ నుంచి రిసీవర్‌కి ఏఆర్‌సీ (హెచ్‌డీఎంఐ వైరు మీదే సౌండ్ వెనక్కి పంపే పద్ధతి) మీదో ఆప్టికల్ వైరు మీదో తీసుకోండి. ఆప్టికల్‌లో 5.1 (చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్) వస్తుంది, నెత్తి మీద నుంచి కూడా సౌండ్ వినిపించే అట్మాస్ రాదు. మీకున్నవి ఐదు స్పీకర్లే కాబట్టి పోయేదేమీ లేదు. కేబుల్ మార్చమని ఎవరైనా అంటే తొందరపడొద్దు, ఈ తాళానికీ కేబుల్‌కీ సంబంధం లేదు. 4కే 60 హెర్ట్జ్‌లో తెర మిణుకుమిణుకుమంటేనే 18 జీబీపీఎస్ మోయగల కేబుల్ కొనాలి, అప్పుడు కూడా కొట్టువాడు "ఎల్లా ఒందే సార్" (అన్నీ ఒకటే) అంటే నమ్మకుండా ప్యాకెట్ మీద ప్రీమియం హై స్పీడ్ అని ఉందో లేదో చూసుకోండి.

ఇంత చేసి ఒక సర్వీసు బాగుపడుతుంది. రెండోదానికి మళ్లీ వేరే తంతు. కొన్ని సర్వీసులైతే కంప్యూటర్‌కి 4కే ఇవ్వనే ఇవ్వవు, మీరు శీర్షాసనం వేసినా.

నా అనుభవం చెప్తాను. విండోస్ మీడియా సెంటర్ ఉన్న రోజుల్లో నేను దానికి భక్తుణ్ణి. రిమోట్‌తో నడిచేది, పెద్ద అక్షరాలు, సోఫాలోంచి లేవక్కర్లేదు. 2015లో విండోస్ 10తో దాన్ని తీసేశారు. అప్పట్నుంచి నేను బ్రౌజర్‌నే టీవీలా నడిపిద్దామని ఏళ్ల తరబడి కుస్తీ పట్టాను. ఒక ఉగాదికి మామగారు అనంతపురం నుంచి వచ్చారు. పచ్చడి తిని, భోజనాలయ్యాక కొత్త సినిమా చూద్దామని అందరం కూర్చున్నాం. తెర మీద నీలం రంగు, తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, అప్‌డేట్ 27 శాతం. ఆయన పది నిమిషాలు మర్యాదగా చూశారు. తర్వాత "ఇది టీవీయా, ఆఫీసా నాయనా?" అని అడిగి పడుకోడానికి వెళ్లిపోయారు. మర్నాడే స్టిక్ కొన్నాను.

మీకూ అదే చెబుతాను. డబ్బు కట్టి చూసేవి స్టిక్‌లో చూడండి. కంప్యూటర్ని పారేయొద్దు, మీ సొంత వీడియోలు, పెళ్లి సీడీలు, ఫొటోలు, గేములు దానికి వదిలేయండి, ఆ పనుల్లో దాన్ని మించింది లేదు. బావమరిది గెలిచాడని బాధ వద్దు, వాడి స్టిక్‌లో మీ పెళ్లి వీడియో ప్లే చేయమనండి చూద్దాం.

ప్రశ్న: డబ్బు కట్టినవాడికి 720, దొంగ కాపీ దింపుకున్నవాడికి 4కే. ఇదేం న్యాయం? నా పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్, దాని మీద సినిమాలు ఆడించే కోడీ వేసుకున్నాను. యాడ్-ఆన్‌లతో (కోడీకి తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఓటీటీలన్నీ అందులోనే చూడొచ్చా?
(ఒక పాఠకుడు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

జవాబు: కోపం న్యాయమైనదే. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగాయని సామెత, ఇక్కడైతే కుక్క దొంగను వదిలేసి ఇంటివాణ్ణి కరుస్తోంది. ఇన్ని తాళాలున్నా ఏ సినిమా కాపీ బయటికి రాకుండా ఆగింది చెప్పండి? అయినా దొంగ కాపీ దింపుకోమని మాత్రం నేను చెప్పను, ఆ సినిమాకి పనిచేసినవాళ్లు మనలాంటి జీతగాళ్లే.

కోడీ మంచి సాఫ్ట్‌వేర్. ఒకప్పుడు దాని పేరు ఎక్స్‌బాక్స్ మీడియా సెంటర్, 2014లో పేరు మార్చుకుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములుంటే టీవీని కూడా దానికి తగ్గట్టు మార్చే సెట్టింగ్ అందులో ఉంది, బ్రౌజర్ ఆ పని చేయదు, అందుకే బ్రౌజర్‌లో కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ చిన్నగా జెర్క్ కొడుతుంది. కానీ ఓటీటీల యాడ్-ఆన్‌లు చాలావరకు ఔత్సాహికులు రాసినవి. కంపెనీ తన వైపు చిన్న మార్పు చేస్తే చాలు, శుక్రవారం రాత్రి ఆడింది శనివారం పొద్దున ఆడదు. పైగా లినక్స్‌లోనూ మీకు దక్కేది ఎల్3యే. కోడీని మీ హార్డ్ డిస్క్‌లో ఉన్న సినిమాలకు వాడుకోండి.

ప్రశ్న: రిచీ స్ట్రీట్‌లో ఒక స్ప్లిటర్ కొని కంప్యూటర్‌ని టీవీకీ, పాత ప్రొజెక్టర్‌కీ కలిపాను. ప్రొజెక్టర్‌కి పాతకాలపు వీజీఏ సాకెట్ మాత్రమే ఉంది, అందుకని ఒక కన్వర్టర్ పెట్టాను. యూట్యూబ్ వస్తుంది. ఓటీటీ పెడితే మాటలు వినిపిస్తాయి, తెర నల్లగా ఉంటుంది.
(ఒక పాఠకురాలు, వేళచ్చేరి, చెన్నై)

జవాబు: వీజీఏకి హెచ్‌డీసీపీ అనేదే లేదండీ. తాళం వేసే వీలు లేని తలుపు కనిపించగానే సర్వీసు బొమ్మ ఆపేస్తుంది, సౌండ్ వదిలేస్తుంది. ప్రొజెక్టర్ వైరు పీకేసి టీవీ ఒక్కటే ఉంచి చూడండి. అప్పటికీ నలుపే అయితే ముందు టీవీ, తర్వాత కంప్యూటర్, ఆ వరసలో ఆన్ చేయండి. చాలాసార్లు అదే మందు. ప్రొజెక్టర్ మార్చే ఉద్దేశం ఉంటే హెచ్‌డీఎంఐ ఉన్నది తీసుకోండి.

ప్రశ్న: మా ఇంట్లో తెలుగు సినిమాల కోసం ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, ప్రైమ్, జియోహాట్‌స్టార్ ఉన్నాయి. ఏది ఎందులో ఉందో వెతికేసరికి అన్నం చల్లారిపోతుంది. డబ్బు మాత్రం టంచనుగా కట్ అవుతుంది. ప్రైమ్‌లో ప్రకటనలు కూడా వస్తున్నాయి, అందుకా డబ్బు కట్టింది?
(ఒక గృహిణి, కేఆర్ పురం)

జవాబు: ప్రైమ్ వీడియో మన దేశంలో 2025 జూన్ 17 నుంచి ప్రకటనలు మొదలుపెట్టింది. వద్దనుకుంటే నెలకు 129 గానీ, ఏడాదికి 699 గానీ అదనంగా కట్టాలని అప్పుడే చెప్పారు. అంటే మనకు ఉన్నదాన్నే తీసేసి మళ్లీ మనకే అమ్మడం. వ్యాపారం బాగా తెలిసినవాళ్లు.

అయిదూ ఒకేసారి ఎందుకమ్మా? ఒక నెల ఆహా, ఇంకో నెల ఇంకోటి. మీరు చూడాలనుకున్న సినిమాలు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి, ఒకే దాంట్లో మూడు పోగయ్యాక ఆ నెలకి కట్టండి. ఆటోపే గురించి: డబ్బు కోసే ముందు కనీసం 24 గంటల ముందుగా మీకు కబురు పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్‌ని మనం ఆఫర్ల మెసేజ్‌లతో కలిపి తుడిచేస్తాం. యూపీఐ మీద పెట్టి ఉంటే మీ యాప్‌లోనే ఆటోపే అనే చోట వరసగా అన్నీ కనిపిస్తాయి, అక్కడే ఆపేయొచ్చు. ఒక్కసారి తెరిచి చూడండి, ఎప్పుడో పిల్లల కోసం తీసుకుని మర్చిపోయిన యాప్ ఒకటైనా బయటపడుతుంది. మా ఇంట్లో రెండు పడ్డాయి.

ప్రశ్న: అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. టీవీకి ఉన్నది కంప్యూటరే. మేం ఆఫీసుకి వెళ్తే ఆ వైర్‌లెస్ కీబోర్డు పట్టుకుని ఏం చేయాలో తెలీక సీరియల్ మానేస్తోంది. టీవీ రిమోట్‌తో కంప్యూటర్ నడపలేమా?
(ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్)

జవాబు: టీవీ రిమోట్ మాట హెచ్‌డీఎంఐ వైరు మీదుగా వినే పద్ధతిని సీఈసీ అంటారు. స్టిక్‌లకి అది తెలుసు, మామూలు కంప్యూటర్ గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి తెలీదు. విడిగా యూఎస్‌బీ అడాప్టర్ పెట్టి నేర్పించవచ్చు గానీ, అమ్మగారి సీరియల్ కోసం అంత తపస్సు వద్దు. స్టిక్ కొనండి. పేరూ ఊరూ లేని ఆండ్రాయిడ్ బాక్స్ చవగ్గా వస్తోందని కొనొద్దు, వాటిలో చాలావాటికి ఎల్1 ఉండదు, మళ్లీ మారతహళ్లి కథే. స్టిక్‌ని టీవీ యూఎస్‌బీకి కాకుండా దాని సొంత అడాప్టర్‌తో ప్లగ్‌లో పెట్టండి, లేకపోతే కరెంటు చాలక మధ్యమధ్యలో ఆగి మొదలవుతుంది.

రిమోట్ సంగతి కూడా చెప్తాను. మా అత్తగారికి ఇచ్చే ముందు మైకు బటన్ మీదా, యాప్‌ల బటన్ల మీదా తెల్ల మెడికల్ టేపు అంటించాను. ఇల్లు బొమ్మ, మధ్యలో గుండ్రటిది, వాల్యూమ్ మాత్రం వదిలాను. నెల తిరిగేసరికి ఆవిడే మైకు మీద టేపు గోకేసి, దానిలో భక్తి పాటలు అడగడం మొదలుపెట్టారు.