దీపం వెలిగింది సరే, బండి ఆపాలా వద్దా?

పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

లారీలు, టిప్పర్లు, కోత మిషన్లు, ట్రాక్టర్లు నడిపేవారి నుంచి వచ్చిన ఉత్తరాల్లో డాష్‌బోర్డు మీది గేజీలు, హెచ్చరిక దీపాల గురించిన ఫిర్యాదులే ఎక్కువగా ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: నాకు బీఎస్ 6 కాలుష్య ప్రమాణాలతో తయారైన పన్నెండు టైర్ల లారీ ఉంది, నేనే నడుపుకుంటాను. ఇంజన్ బొమ్మ దీపం, పొగగొట్టం బొమ్మ దీపం, యూరియా దీపం, ఈ మూడూ ఒకే పసుపు రంగులో వెలుగుతాయి. తెర మీద ఇంగ్లీషులో ఏదో వచ్చి, చదివేలోపే పోతుంది. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే బండి తీసుకురమ్మంటారు. లోడుతో దారిలో ఉన్నప్పుడు నేను ఆపాలా, పోవచ్చా? – ఒక లారీ యజమాని, సూర్యాపేట

జవాబు: మీరు చివర అడిగిన ప్రశ్నను డాష్‌బోర్డు తయారుచేసేవారు అన్నిటికంటే ముందు వేసుకుని ఉండవలసింది. డ్రైవరుకు కావలసినది ఇప్పుడే ఆపాలా, ఆపనక్కరలేకపోతే ఎంత దూరం పోవచ్చు అన్న కబురు. మీ బండి ఆ కబురు చెప్పకుండా, ఎక్కడో ఏదో లోపం ఉందని మాత్రం చెప్పి ఊరుకుంటోంది. రంగుల విషయంలో ఐఎస్ఓ 2575 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది, మన దేశంలో ఏఐఎస్ 071 ఉంది. ఎరుపు ప్రమాదానికి, పసుపు జాగ్రత్తకు, ఆకుపచ్చ పని సవ్యంగా జరుగుతోందనడానికి, నీలం హైబీమ్‌కు గుర్తు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 అమలులోకి వచ్చాక పొగను శుద్ధి చేసే పరికరాలు లారీల్లో బాగా పెరిగాయి, వాటి హెచ్చరికలన్నీ పసుపు రంగు కిందికే వచ్చాయి. రేపు చూపించినా ఫరవాలేని లోపానికీ, గంటలోగా చూసుకోకపోతే బండిని కదలనివ్వని లోపానికీ ఒకే రంగు దక్కింది.

మీ మూడు దీపాలనూ విడివిడిగా చూద్దాం. ఇంజన్ బొమ్మ నిలకడగా వెలుగుతూ, లాగుడు ఎప్పటిలాగే ఉండి, కొత్త శబ్దం, కొత్త వాసన ఏదీ లేకపోతే, ఆయిల్, హీటు, బ్రేకులను పనిచేయించే గాలి గేజీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకుని సరుకు దింపే చోటికి చేరవచ్చు. ఆ తరువాత లోపమేమిటో చెప్పే కోడ్‌ను మెకానిక్ చేత చదివించండి. దీపం మిణుకుమిణుకుమంటున్నా, లాగుడు పడిపోయినా దగ్గరలోని సర్వీసు సెంటరు దాటి పోవద్దు.

పొగగొట్టం బొమ్మ, పొగలోని మసిని పట్టే ఫిల్టరు నిండుతోందని చెబుతుంది. ఆ మసి కాలాలంటే పొగ వేడి సుమారు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. ఊళ్ళలో ఆగి ఆగి నడిచే బండికి ఆ వేడి రాదు, హైవే మీద లోడుతో నిలకడగా పోయే బండికి వస్తుంది. కనుక దీపం నిలకడగా వెలిగినంతసేపు మీరు హైవే మీద ఆపకుండా పోవడమే దానికి మందు. అది మిణుకుమనడం మొదలుపెడితే బండిని ఖాళీ స్థలంలో నిలిపి, డాష్‌బోర్డు మీది రీజనరేషన్ బటన్, అంటే మసిని కాల్చే బటన్ నొక్కి, పని పూర్తయ్యేదాకా ఆగాలి. గడ్డివాము పక్కన, ఎండుగడ్డి మీద, పెట్రోలు బంకులో ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. పొగగొట్టం దగ్గర పుట్టే వేడికి నిప్పు అంటుకుంటుంది. ఈ దీపానికి ఇంజన్ బొమ్మ కూడా తోడైతే ఇక బటన్‌తో పని జరగదు, సర్వీసు సెంటరుకే వెళ్ళాలి.

యూరియా దీపానిది మరో తంటా. పొగలోని హానికర వాయువులను తగ్గించడానికి విడి ట్యాంకులో పోసే యూరియా ద్రావణం తగ్గినా, ఆ ద్రావణం మంచిది కాకపోయినా చాలా బండ్లలో ఒకే బొమ్మ వెలుగుతుంది. ట్యాంకు నింపిన తరువాత కూడా వెలుగుతూనే ఉంటే నాణ్యతను అనుమానించండి. అందులో పోయవలసినది శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రావణం. పొలానికి వేసే యూరియాను నీళ్ళలో కలిపి పోస్తే సరిపోతుందని కొందరు చెబుతుంటారు, దయచేసి వినకండి. మన దేశంలో 2015 నుంచి ఎరువుల యూరియాకు వేపనూనె పూత వేస్తున్నారు. ఆ నూనె, ఎరువులోని మలినాలు ద్రావణాన్ని చిమ్మే ఇంజెక్టరునూ, పొగను శుద్ధి చేసే క్యాటలిస్టునూ పాడుచేస్తాయి. దీపాన్ని పట్టించుకోకుండా పోతే బండి తనంతట తానే ముందు ఇంజన్ శక్తి తగ్గిస్తుంది, చివరికి వేగాన్ని గంటకు 20 కిలోమీటర్ల దగ్గర కట్టివేస్తుంది. లోడు బండి జాతీయ రహదారి మీద ఆ వేగంతో పాకుతుంటే వెనుక నుంచి వచ్చేవారికి ఎంత ప్రమాదమో ఈ పద్ధతి రూపొందించినవారు ఇంకొంచెం ఆలోచించవలసింది.

భాష విషయంలో మీ ఫిర్యాదుతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. డ్రైవరు జేబులోని ఫోను తెలుగులో పలుకుతుంది, తెలుగులో రాస్తుంది. దానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే లారీ మాత్రం ఇంగ్లీషు పొడి అక్షరాలతో రెండు క్షణాలు మెరిసి మాయమవుతుంది. బొమ్మలకు భాష అక్కరలేదన్నది నిజమే. కానీ తయారీదారు బొమ్మతో ఆగకుండా వాక్యం కూడా రాయదలచినప్పుడు, ఆ వాక్యం చదవవలసిన మనిషి భాషలో ఉండాలి, అతడు చదివి మీట నొక్కేదాకా తెర మీదే నిలవాలి. కొత్త బండి కొనేటప్పుడు ఈ సంగతి షోరూములో గట్టిగా అడగండి.

ప్రశ్న: చీమకుర్తి క్వారీలో టిప్పరు నడుపుతాను. సీటు బెల్టు పెట్టుకోకపోయినా, హ్యాండ్ బ్రేక్ తీయకపోయినా, బ్రేకుల గాలి తగ్గినా ఒకే బజర్ మోగుతుంది. మోతకు తట్టుకోలేక మా వాళ్ళు కొందరు బజర్ వైరు పీకేశారు. గాలి గేజిలో రెండు ముళ్ళు ఉన్నాయి, దేన్ని చూడాలో ఎవరూ చెప్పలేదు. – ఒక టిప్పరు డ్రైవరు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందుగా, ఈ సాయంత్రమే ఆ వైర్లు తిరిగి కలిపించండి. క్వారీ ర్యాంపు మీద గాలి తగ్గిందని చెప్పే గొంతు మీ బండిలో అదొక్కటే.

గాలి గేజిలోని రెండు ముళ్ళు రెండు వేర్వేరు బ్రేకు సర్క్యూట్లవి. చాలా బండ్లలో ఒకటి ముందు ఇరుసుకు, రెండవది వెనుక ఇరుసులకు సంబంధించినది. ఒక పైపు పగిలినా రెండవ దానితో బండిని ఆపగలగాలని అలా విడదీశారు. మంచి ఆలోచనే, కానీ రెంటినీ ఒకే గేజి వృత్తంలో, ఒకే కేంద్రం మీద, దాదాపు ఒకే పొడవు ముళ్ళతో చూపించడం వల్ల చిక్కు వచ్చింది. గాలి నిండుగా ఉన్నప్పుడు ఒక ముల్లు కింద ఇంకొకటి దాగి ఒకటే ముల్లులా కనిపిస్తుంది. ఒక సర్క్యూట్ కారడం మొదలైనప్పుడు పైన నిలిచిన ముల్లు మీదే డ్రైవరు చూపు పడుతుంది, ఎండకు వెలిసిన రెండవ ముల్లు మెల్లగా కిందికి జారుతున్న సంగతి కంటికి ఆనదు. దానికితోడు స్టీరింగ్ చక్రం అడ్డు, చీమకుర్తి రాతిపొడి గేజి అద్దం మీద పూసే తెల్లటి పొర. మీరు ఎప్పుడూ తక్కువగా ఉన్న ముల్లునే లెక్కలోకి తీసుకోండి. రెండు ముళ్ళ మధ్య ఎడం కొత్తగా కనిపించిందంటే, అంకె ఎంత బాగున్నా, ఎక్కడో గాలి కారుతోందని అర్థం.

అంకెల్లోనూ గందరగోళం ఉంది. గాలి ఒత్తిడిని ఒక బండిలో బార్, ఇంకొక బండిలో కేజీ (చదరపు సెంటీమీటరుకు), పాతవాటిలో పీఎస్ఐ లెక్కన చూపిస్తారు. 8 బార్ అంటే సుమారు 8.2 కేజీలు, 116 పీఎస్ఐ. బండ్లు మార్చి మార్చి నడిపే డ్రైవరు ఈ లెక్కను తలలో పెట్టుకుని తిరగవలసిన అవసరమే ఉండకూడదు. హెచ్చరిక మోగే స్థాయి బండిని బట్టి మారుతుంది, సాధారణంగా 5 బార్‌కు అటూ ఇటుగా ఉంటుంది. మీ బండి పుస్తకంలోని అంకె చూసి, అక్కడ గేజి అద్దం మీద ఎర్ర పెయింటుతో సన్నని గీత గీయించండి. దిగుడులో పదేపదే బ్రేకు తొక్కితే కంప్రెసరు నింపేదానికంటే వేగంగా గాలి ఖర్చవుతుంది. అందుకే ర్యాంపు దిగేముందే చిన్న గేరు వేసుకోవాలి, పైన గాలి నిండకుండా బండిని కదిలించకూడదు. గాలి మరీ పడిపోతే వెనుక చక్రాల స్ప్రింగ్ బ్రేకులు వాటంతట అవే పట్టుకుంటాయి. అది మిమ్మల్ని కాపాడే ఏర్పాటే గాని, లోడుతో మలుపులో ఉన్నప్పుడు అలా పట్టుకుంటే బండి అదుపు తప్పవచ్చు.

బజర్ గురించి మీరు రాసినది ఈ నెల ఉత్తరాలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా కలచివేసింది. సీటు బెల్టు హెచ్చరికకూ గాలి హెచ్చరికకూ ఒకే మోత పెట్టడం తప్పు. రోజంతా చిన్న విషయాలకు మోగే మోతను మనిషి చెవి పట్టించుకోవడం మానేస్తుంది. అది మనిషి స్వభావం, డ్రైవరు నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం అన్యాయం. బ్రేకుల గాలికి వేరే స్వరం, మిగతా దేనికీ వాడని స్వరం ఉండాలి. ఆ పని తయారీదారుకు పెద్ద ఖర్చు కూడా కాదు.

ప్రశ్న: మా కోత మిషన్ హీటు గేజి ముల్లు మధ్యలోనే ఉండగా ఇంజన్ సీజ్ అయింది. నీళ్ళు పోయాయని తరువాత తేలింది. గేజి పాడైందా అంటే మెకానిక్ బాగానే ఉందంటున్నాడు. ఇదెలా సాధ్యం? – ఒక రైతు, మిర్యాలగూడ

జవాబు: మీకు కలిగిన నష్టానికి చాలా బాధగా ఉంది. మెకానిక్ చెప్పినది నిజమే కావచ్చు. హీటు సెన్సరు ఇంజన్‌లోని నీటిలో మునిగి ఉండి ఆ నీటి వేడిని కొలుస్తుంది. పైపు తెగి నీరంతా పోతే సెన్సరు చుట్టూ గాలి, ఆవిరి మిగులుతాయి. నీటిలా అవి వేడిని సెన్సరుకు అందించలేవు. ఇంజన్ లోపల ఇనుము కాలిపోతున్నా ముల్లు పైకి లేవదు, ఒక్కోసారి కిందికి కూడా దిగుతుంది. రెండవ కారణం, ఇప్పటి చాలా గేజీల్లో ముల్లును కావాలనే మధ్యలో నిలిపి ఉంచుతారు. వేడి సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడ ఉన్నా ముల్లు కదలదు. ముల్లు కొంచెం ఊగినా కొనుగోలుదారులు కంగారుపడి సర్వీసుకు వస్తున్నారని కార్లలో మొదలైన పద్ధతి ఇది. వరి పొట్టు, నూగు రేడియేటరు జాలీని గంటల్లో మూసివేసే యంత్రంలో ఆ పద్ధతి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. వేడి మెల్లగా ఎక్కుతున్న సంగతి ఆపరేటరుకు ముందే తెలియాలి.

కొత్త ఇంజన్ వేయించేటప్పుడు నీటిమట్టం తగ్గితే వెలిగే సెన్సరును రేడియేటరు పై ట్యాంకులో పెట్టించండి, దాని దీపాన్ని, బజరును ఆపరేటరు కళ్ళ ముందు బిగించండి. కోతలో అతని చూపంతా ముందున్న కత్తెర బ్లేడు మీద, గట్ల మీద ఉంటుంది. మోకాలి పక్కన దుమ్ములో ఉన్న గేజి వైపు తల తిప్పే తీరిక ఉండదు. ముల్లు ఉన్నట్టుండి కిందికి పడినా ఇంజన్ ఆపి నీళ్ళు చూడమని అతనికి చెప్పండి. మూత మాత్రం ఇంజన్ చల్లారాకే తీయాలి.

ప్రశ్న: ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ షాపు నడుపుతున్నాను. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఏర్పాటు దీపం ఆరడం లేదని, దాని వైరును వేరే దీపానికి కలిపి ఆరిపోయేలా చేయమని కొందరు ఓనర్లు అడుగుతారు. చేయవచ్చా? – ఒక ఎలక్ట్రీషియన్, విజయవాడ

జవాబు: చేయవద్దు. మీరు కాదంటే పక్క షాపువాడు చేస్తాడన్నది తెలిసిన విషయమే, అయినా చేయవద్దు. ఆ బండి చేతులు మారి, కొన్నవాడు ఏబీఎస్ ఉందన్న నమ్మకంతో తడిరోడ్డు మీద బ్రేకు తొక్కుతాడు. ఏబీఎస్ దీపం ఆరకపోవడానికి చక్రం దగ్గరి సెన్సరుకు, పళ్ళ రింగుకు మధ్య మట్టి చేరడం, వైరు ఒరుసుకుపోవడం తరచుగా కారణమవుతాయి. ముందు అవి చూడండి. కొనేవారికి ఒక మాట: తాళం తిప్పి ఇంజన్ వేయకముందు హెచ్చరిక దీపాలన్నీ వెలగాలి. కొన్ని క్షణాలకు కొన్ని ఆరతాయి, ఆయిల్, బ్యాటరీ దీపాలు ఇంజన్ అందుకున్నాక ఆరతాయి. ఏబీఎస్ దీపం కొన్ని బండ్లలో కొద్దిగా కదిలాక ఆరుతుంది. వెలగవలసినప్పుడు వెలగని దీపమే మీరు అడగవలసిన దీపం.

ప్రశ్న: ముళ్ళ గేజీలు తీసేసి అన్నీ అంకెల్లో చూపిస్తే ఈ గొడవలు ఉండవు కదా? – ఒక పాలిటెక్నిక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: ఉంటాయమ్మా, కొన్ని పెరుగుతాయి కూడా. అమెరికాలో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు విమాన పైలట్లు గేజీలు తప్పుగా చదివిన 270 సందర్భాలను పరిశీలించి 1947లో నివేదిక ఇచ్చారు. ఎత్తు చూపే పరికరంలో ఒకే వృత్తంలో తిరిగే పలు ముళ్ళను తికమకగా చదవడం అందులో ముఖ్యంగా బయటపడింది. టిప్పరు డ్రైవరుకు ఇచ్చిన జవాబులోని గాలి గేజి చిక్కు ఆ కోవదే. పైలట్లను నిందించకుండా పరికరాన్ని మార్చాలని ఆ పని నేర్పింది. ఖచ్చితమైన విలువ కావలసిన చోట అంకె మంచిది. పెరుగుతోందా, తరుగుతోందా, ఎంత వేగంగా అన్నది ఒక్క చూపులో తెలియాలంటే ముల్లు మంచిది. కొన్ని రేసు కార్లలో గేజీలను కొంచెం తిప్పి బిగిస్తారు, అంతా సవ్యంగా ఉంటే ముళ్ళన్నీ నిటారుగా నిలుస్తాయి, ఒకటి వాలితే అంకె చదవకుండానే తెలుస్తుంది. మీరు ప్రాజెక్టు చేయదలిస్తే మధ్యాహ్నం ఎండలో లారీ క్యాబిన్‌లో కూర్చుని, గేజి అద్దం మీద ఏ గంటకు ఎంత మెరుపు పడుతుందో గమనించడం దగ్గర మొదలుపెట్టండి.

ప్రశ్న: ట్రాక్టరుకు మట్టిని గుల్లచేసే రోటవేటరు కట్టి గంటల లెక్కన బాడుగకు తిప్పుతాను. డాష్‌బోర్డు మీటరు చూపే గంటలకు, గడియారం గంటలకు తేడా వచ్చి రైతులతో తగాదాలు అవుతున్నాయి. – ఒక ట్రాక్టరు యజమాని, నంద్యాల

జవాబు: మీది కేబులుతో తిరిగే పాత రకం మీటరు అయి ఉండాలి. అది ఇంజన్ చుట్లను లెక్కపెట్టి గంటలుగా మారుస్తుంది, నిర్ణీత ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద నడిపినప్పుడే దాని గంట గడియారం గంటతో సరిపోతుంది. తక్కువ ఆర్పీఎం మీద నడిపితే మీటరు వెనుకబడుతుంది. ఎలక్ట్రానిక్ మీటర్లు సాధారణంగా అసలు సమయాన్నే లెక్కిస్తాయి, ఇంజన్ ఊరికే తిరిగిన సమయంతో సహా. ఆయిల్ మార్పిడికి, సర్వీసుకు మీటరు గంటలను అనుసరించండి. బాడుగకు మాత్రం పొలంలో దిగిన వేళ, ఎక్కిన వేళ రైతు ఎదుటే చీటీ మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టుకోండి. రోటవేటరును తిప్పే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరిగే వేగాన్ని చూపే ‘పీటీవో 540’ గుర్తు మీటరు మీద చెరిగిపోయి ఉంటే, ఆ వేగానికి ఇంజన్ ఆర్పీఎం ఎంత ఉండాలో పుస్తకంలో చూసి అద్దం మీద చుక్క పెట్టించుకోండి.