సొంత కారులో మెక్సికోకు: పర్యాటక పర్మిట్ ఎక్కడ, ఎలా తీసుకోవాలి?

ప్రశ్న: మేము టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో ఉంటున్నాము. నేను హెచ్1బీ (ఉద్యోగ హోదా) మీద, నా భార్య హెచ్4 (జీవిత భాగస్వామి హోదా) మీద ఉన్నాము. మా ఇద్దరి పాస్‌పోర్టులలోనూ వీసా స్టాంపింగ్ గడువు ముగిసిపోయింది, కానీ ఐ-797 (ఆమోదపత్రం) ప్రకారం ఇంకా ఏడాదికి పైగా గడువు ఉంది. పాప ఇక్కడే పుట్టింది. గుంటూరు నుంచి మా అమ్మానాన్నలు పదేళ్ల బి2 సందర్శకుల వీసా మీద వచ్చి ఉన్నారు. అందరం కలిసి మా కారులోనే సరిహద్దు ఊరైన లారెడో మీదుగా మెక్సికోలోని మాంటెరేకి వెళ్లి, నాలుగైదు రోజుల్లో తిరిగి రావాలనుకుంటున్నాము. విమానంలో వెళ్తే విమానాశ్రయంలోనే ముద్ర వేస్తారట. కారులో వెళ్లేవారికి పర్యాటక పర్మిట్ ఎక్కడ ఇస్తారు? స్నేహితులు మాత్రం సరిహద్దు వంతెన మీద ఎవరూ ఆపరని, నేరుగా వెళ్లిపోవచ్చని చెబుతున్నారు. ఇది నిజమేనా?

జవాబు: వంతెన మీద ఎవరూ ఆపకపోవచ్చునన్న మాట నిజమే. కాబట్టి పర్మిట్ అక్కర్లేదనుకోవడం మాత్రం తప్పు. విమానంలో దిగినవారు ఇమ్మిగ్రేషన్ అధికారిని దాటకుండా బయటికి రాలేరు. రోడ్డు మీద అలా కాదు. వంతెన దిగగానే కస్టమ్స్ వారి దీపం పచ్చగా వెలిగితే కార్లు ఆగకుండా ఊళ్లోకి సాగిపోతూనే ఉంటాయి. ఇమ్మిగ్రేషన్ కార్యాలయం ఒక పక్కన ఉంటుంది. కారు పార్క్ చేసి, లోపలికి వెళ్లి, అడిగి పర్మిట్ తీసుకోవలసిన బాధ్యత పూర్తిగా ప్రయాణికుడిదే. అలా తీసుకోకుండా వెళ్లినవారు సాధారణంగా పట్టుబడేది సరిహద్దులో కాదు, లోపల. లారెడోకు అవతలి ఒడ్డున ఉన్న న్యూవో లారెడో నుంచి మాంటెరే వెళ్లే దారిలో సుమారు 26వ కిలోమీటరు దగ్గర తనిఖీ కేంద్రం ఉంది. అక్కడ కాగితాలు అడిగినప్పుడు చూపడానికి ఏమీ లేకపోతే వెనక్కి పంపించవచ్చు, అంతకంటే ఎక్కువ ఇబ్బంది కూడా కలగవచ్చు. వయసు మళ్లిన తల్లిదండ్రులను, చిన్నపిల్లను వెంటబెట్టుకుని వెళ్తూ అటువంటి పరిస్థితిని కోరి తెచ్చుకోవద్దని నా విన్నపం.

ముందుగా వీసా సంగతి చూద్దాం, ఎందుకంటే మీ కుటుంబంలో అసలు చిక్కు అక్కడే ఉంది. వీసా వేరు, మనిషికి ఇచ్చే పర్యాటక పర్మిట్ వేరు, కారుకు ఇచ్చే పర్మిట్ వేరు. గడువు ముగియని అమెరికా వీసా గానీ గ్రీన్‌కార్డు గానీ ఉన్న భారతీయులకు మెక్సికో వీసా అవసరం లేదు. అందువల్ల మీ అమ్మానాన్నలకు ఏ ఇబ్బందీ లేదు. వారి పాస్‌పోర్టులోని బి2 వీసా సరిపోతుంది. పాపకు అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు. ఇబ్బంది మీ దంపతులకే. ఐ-797 అనేది మీ హెచ్1బీ ఆమోదపత్రమే గానీ వీసా కాదు, మెక్సికో అధికారులు దానిని వీసాగా లెక్కించరు. స్టాంపింగ్ గడువు ముగిసింది కాబట్టి మీరిద్దరూ మెక్సికో కాన్సులేట్‌లో సందర్శకుల వీసాకు దరఖాస్తు చేసుకోవాలి. ఆస్టిన్‌లోనే కాన్సులేట్ ఉంది. అపాయింట్‌మెంట్ దొరకడానికి సమయం పట్టవచ్చు కనుక హోటల్ బుకింగులు ఆ తరువాతే చేసుకోండి.

స్టాంపింగ్ ముగిసినవారు కూడా మెక్సికో వెళ్లి రావచ్చని మీరు ఎక్కడైనా విని ఉంటే, అది తిరుగు ప్రయాణానికి సంబంధించిన నియమం. పాత వీసాను తిరిగి చెల్లుబాటైనట్లుగా పరిగణించే వెసులుబాటు అమెరికా నిబంధనలలో ఉంది. మెక్సికోకు గానీ కెనడాకు గానీ వెళ్లి 30 రోజుల లోపల తిరిగి వచ్చేవారికి, ఐ-94 (అమెరికాలో ఎన్నాళ్లు ఉండవచ్చో చూపే పత్రం) గడువు మిగిలి ఉండి, అదే హోదాలో కొనసాగుతూ, ఆ ప్రయాణంలో కొత్త అమెరికా వీసాకు దరఖాస్తు చేయకుండా ఉంటే, గడువు తీరిన స్టాంపింగ్‌తోనే మళ్లీ ప్రవేశం లభిస్తుంది. ఈ వెసులుబాటు అమెరికా ఇచ్చేది. మెక్సికోలోకి అడుగు పెట్టడానికి అది ఎంతమాత్రం పనికిరాదు. వీసా గడువు ముగిసిన పాస్‌పోర్టు, ఐ-797, దాని కింది భాగంలో ఉండే తాజా ఐ-94 మూడూ అసలు ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి. అమెరికా నుంచి బయటికి వెళ్లేటప్పుడు ఐ-94ను ఎవరికీ అప్పగించవద్దు. ఒకవేళ మీకు గ్రీన్‌కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉంటే, బయలుదేరే ముందు మీ ఇమ్మిగ్రేషన్ న్యాయవాదిని ఒకసారి సంప్రదించడం తప్పనిసరి.

ఇక పర్యాటక పర్మిట్. దీనిని అందరూ ఎఫ్‌ఎంఎం అని పిలుస్తారు. ఇది కుటుంబానికంతటికీ కలిపి ఇచ్చేది కాదు. పసిపిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఒకటి తీసుకోవాలి. రోడ్డు మార్గాన వెళ్లి 7 రోజులు మించకుండా ఉండేవారికి రుసుము లేదు. అంతకు మించితే రుసుము చెల్లించాలి. అది ఏటా మారుతుంది కాబట్టి వెళ్లే ముందు సరిచూసుకోండి. ఫారం ముందుగా ఆన్‌లైన్‌లో నింపుకొని అచ్చు తీసుకుని వెళ్లినా, సరిహద్దు కార్యాలయంలో ముద్ర పడనిదే అది చెల్లదు. ఎన్నాళ్లు ఉంటారు, ఎక్కడ బస చేస్తారు అని అధికారి అడుగుతారు. మాంటెరే హోటల్ బుకింగు చూపితే సరిపోతుంది.

ముద్ర వేసేటప్పుడు ఎన్ని రోజులకు అనుమతిస్తున్నదీ అధికారి అక్కడే నమోదు చేస్తారు. గరిష్ఠ పరిమితి 180 రోజులని చాలామందికి తెలుసు గానీ, అడిగినవారికల్లా 180 రోజులు ఇవ్వరు. అది అధికారి నిర్ణయం. మీరు 5 రోజులు అడిగితే 5 రోజులే రాసి ఇవ్వవచ్చు. దారిలో కారు పాడై రెండు రోజులు ఆలస్యమైతే ఏమిటన్నది ఆలోచించుకొని, ఉచిత పరిమితిలోనే ఒకటి రెండు రోజులు ఎక్కువ అడగడం మంచిది. కౌంటరు దగ్గర నుంచి కదిలే ముందు ప్రతి ఒక్కరి కాగితం మీదా రోజుల సంఖ్య, పేరు, పాస్‌పోర్టు నంబరు సరిగ్గా ఉన్నాయో లేదో చదివి చూడండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అక్కడి ఫారాలలో క్రమం వేరు కనుక పొరపాట్లకు అవకాశం ఎక్కువ. కార్యాలయం దాటాక దిద్దించుకోవడం కష్టం. ఆ కాగితం ప్రయాణం అయ్యేవరకూ పాస్‌పోర్టులోనే ఉంచి, తిరిగి వచ్చేటప్పుడు ఇమ్మిగ్రేషన్ వారికి అప్పగించాలి.

మాంటెరే సరిహద్దు మండలానికి బయట ఉంది కాబట్టి కారుకు కూడా తాత్కాలిక దిగుమతి పర్మిట్ కావాలి. దానిని ఇచ్చేది ఇమ్మిగ్రేషన్ వారు కాదు, బాన్‌హెర్సితో అనే మెక్సికో సైనిక బ్యాంకు. ముందు మనిషికి, తరువాత కారుకు అన్నది ఇక్కడి క్రమం, ఎందుకంటే ముద్ర పడిన ఎఫ్‌ఎంఎం చూపితే గానీ బ్యాంకు కౌంటరులో కారు కాగితాలు తీసుకోరు. కారు ఎవరి పేరున రిజిస్టరై ఉందో వారే దరఖాస్తు చేయాలి. కారు మీద లోను ఉంటే రుణమిచ్చిన సంస్థ నుంచి కారును మెక్సికోకు తీసుకువెళ్లవచ్చునన్న అనుమతి లేఖ తెచ్చుకోవాలి. ఆ లేఖ లేక సరిహద్దు దాకా వెళ్లి వెనుదిరిగేవారున్నారు కాబట్టి కాన్సులేట్ అపాయింట్‌మెంటుతో పాటే ఆ లేఖకు కూడా అడిగి పెట్టండి. న్యూవో లారెడోలో ఈ రెండు పనులూ నది ఒడ్డున ఒకే ప్రాంగణంలో పూర్తవుతాయి. పాస్‌పోర్టు, రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సు కాపీలు ఇంటి నుంచే తీసుకువెళ్లండి.

మార్గం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. న్యూవో లారెడో ఉన్న తమావులిపాస్ రాష్ట్రానికి ప్రయాణించవద్దని అమెరికా విదేశాంగ శాఖ నాలుగో స్థాయి, అంటే అత్యధిక స్థాయి హెచ్చరికను ఏళ్ల తరబడి కొనసాగిస్తూ వచ్చింది. లారెడోకు వాయవ్యంగా ఉన్న కొలంబియా వంతెన నేరుగా న్యూవో లియోన్ రాష్ట్రంలోకి, అంటే మాంటెరే రాజధానిగా ఉన్న రాష్ట్రంలోకి దింపుతుంది. కొంత చుట్టు అయినా నేను ఆ వంతెననే సూచిస్తాను. అక్కడి పర్మిట్ కార్యాలయం పనివేళలు ముందుగా తెలుసుకుని, ఉదయాన్నే దాటి, పగటి వెలుతురులోనే టోల్ రోడ్డు మీద మాంటెరే చేరుకోండి. టోల్ కట్టడానికి పెసోలు నగదుగా ఉంచుకోవాలి.

ప్రశ్న: మా అత్తమామలు వచ్చి ఐదు నెలలు కావస్తోంది. ఆరు నెలలు పూర్తయ్యేలోగా ఒకసారి మెక్సికో వెళ్లి వస్తే మళ్లీ ఆరు నెలలు ఇస్తారని ఎవరో చెప్పారు. నిజమేనా? (హ్యూస్టన్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అటువంటి హామీ ఎక్కడా లేదు. పొరుగుదేశానికి కొద్దిరోజులు వెళ్లి వచ్చినవారిని పాత ఐ-94 మీదే, పాత గడువుతోనే అనుమతించవచ్చు. కొత్త గడువు ఇవ్వడం అధికారి విచక్షణ. పైగా గడువు పెంచుకోవడానికే సరిహద్దు దాటి వచ్చారని అనిపిస్తే పెద్దవాళ్లను ప్రశ్నలతో ఇబ్బంది పెట్టవచ్చు. ఇంకా కొన్నాళ్లు ఉండవలసిన నిజమైన కారణం ఉంటే, గడువు ముగియకముందే ఐ-539 (బస పొడిగింపు) దరఖాస్తు పెట్టడం సరైన దారి. అయితే ఆ దరఖాస్తు నడుస్తుండగా దేశం దాటకూడదు. మెక్సికో చూడాలన్న కోరికతోనే వెళ్తే నిశ్చింతగా తీసుకువెళ్లండి. అయితే వారి మందుల సంచిని ఒకసారి చూడండి. సూడోఎఫెడ్రిన్ కలిసిన జలుబు మాత్రలు మెక్సికోలో నిషిద్ధం. మిగిలిన మందులను డాక్టరు చీటీతో సహా, అసలు ప్యాకింగులోనే ఉంచండి.

ప్రశ్న: మేము ఫీనిక్స్ నుంచి పుయెర్తో పెన్యాస్కో బీచికి రెండు రోజులకు వెళ్తున్నాము. డాలస్‌లోని మా బంధువులు కారుకు 400 డాలర్లు డిపాజిట్ కట్టామన్నారు. ఇక్కడివారేమో ఏ కాగితమూ అక్కర్లేదంటున్నారు. మేము ఎవరి మాట వినాలి?

జవాబు: కారు విషయంలో ఇద్దరూ చెప్పింది నిజమే. బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలోను, సొనోరా రాష్ట్రపు వాయవ్య భాగంలోను విదేశీ కార్లకు దిగుమతి పర్మిట్ అవసరం లేదు. పుయెర్తో పెన్యాస్కో ఆ మినహాయింపు ప్రాంతంలోనే ఉంది. మీ బంధువులు వెళ్లినది ఆ ప్రాంతానికి బయట. కారు పర్మిట్‌కు కట్టే డిపాజిట్, ఆ కారు తయారైన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది: 2000 వరకు తయారైన వాటికి 200 డాలర్లు, 2001 నుంచి 2006 వరకు 300, ఆ తరువాతి వాటికి 400.

ఏ కాగితమూ అక్కర్లేదన్న మాట మాత్రం ఒప్పుకోలేను. మినహాయింపు కారుకే గానీ కారులోని మనుషులకు కాదు. సరిహద్దు దాటగానే వచ్చే సొనోయిటాలో ఆగి ప్రతి ఒక్కరూ ఎఫ్‌ఎంఎం తీసుకోవాలి. రెండు రోజులే కాబట్టి రుసుము ఉండదు, పోయేది కాస్త సమయమే.

బీమా గురించి మీరు అడగలేదు గానీ నా దృష్టిలో అదే అన్నింటికంటే ముఖ్యం. అమెరికా కారు బీమా మెక్సికోలో ఎదుటివారికి కలిగించిన నష్టానికి చెల్లదు. అక్కడ ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదో తేలేవరకు, నష్టపరిహారానికి పూచీ చూపేవరకు డ్రైవరును నిర్బంధంలో ఉంచే అధికారం పోలీసులకు ఉంది. మెక్సికో బీమా సంస్థ పాలసీని రోజుల లెక్కన ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. న్యాయసహాయం కూడా కలిసి ఉన్న పాలసీ తీసుకుని, అచ్చు ప్రతి కారులో ఉంచండి. తుపాకీ ఉన్న ఇంటివారైతే కారులో ఎక్కడా ఒక్క తూటా కూడా మిగిలి లేదని వెతికి చూసుకోవాలి. అక్కడ అది తీవ్రమైన నేరం. అమెరికా వైపున్న లూక్‌విల్ సరిహద్దు ద్వారం రాత్రి మూసివేస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం దానికి తగినట్లు వేసుకోండి.

ప్రశ్న: కిందటి నెల కారులో మెక్సికోలోని సాన్ లూయిస్ పొతోసి వెళ్లి వచ్చాము. రాత్రి ఆలస్యమై నేరుగా వంతెన ఎక్కేశాము. అద్దం మీది కారు పర్మిట్ స్టిక్కరు తీసేశాము. డిపాజిట్ ఇంకా రాలేదు. (డాలస్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: స్టిక్కరు తీసేసినంత మాత్రాన పర్మిట్ రద్దు కాదు. మెక్సికో రికార్డులలో మీ కారు ఇంకా ఆ దేశంలోనే ఉన్నట్లు లెక్క. డిపాజిట్ దానంతటది రాదు. పర్మిట్ మీద ఉన్న చివరి తేదీ చూడండి. అది ఇంకా దాటకపోతే, కారును మళ్లీ సరిహద్దు దాకా తీసుకువెళ్లి బాన్‌హెర్సితో కౌంటరులో చూపించి రద్దు చేయించుకోవాలి. స్టిక్కరు పారేయకుండా ఉంటే దానిని, పర్మిట్ కాగితాన్ని వెంట తీసుకువెళ్లండి. సిబ్బంది కారు గుర్తింపు సంఖ్యను సరిచూసి రసీదు ఇస్తారు. కార్డుతో కట్టిన డిపాజిట్ కార్డుకే జమ అవుతుంది. తేదీ దాటితే డిపాజిట్ పోయినట్లే. అంతకంటే పెద్ద నష్టం, ఆ పర్మిట్ తెరిచి ఉన్నంతకాలం మీకు మరో వాహన పర్మిట్ దొరకదు. డాలస్ నుంచి లారెడోకు రానుపోను ఒక రోజంతా పడుతుంది. అయినా ఈ వారాంతంలోనే వెళ్లి ఆ పని ముగించుకోండి, రద్దు రసీదును పారేయకుండా దాచిపెట్టండి.